ఆకలికి మరో ముఖం: వర్ధమాన దేశాలలో స్థూలకాయ సమస్య

(ప్రసంగ పాఠం)

చాలాకాలం తరువాత కనిపించిన బంధువును చూచి "కాస్త ఒళ్ళు చేశావు" అంటే తెలుగునాట అది మెచ్చుకోలు. "బాగా చిక్కిపోయావు" అంటే అది సానుభూతి. కరవు కాటకాలను తరతరాలుగా చవిచూచిన సమాజంలో ఇటువంటి పలకరింపులు పుట్టడం సహజమే. ఎండిన డొక్క లేమికి గుర్తు. నిండైన శరీరం కలిమికి గుర్తు. బొజ్జ ఉన్న మనిషిని జరుగుబాటు గల మనిషి అనుకున్నారే గాని, అనారోగ్యవంతుడని ఎవరూ అనుకోలేదు. ఈ భావన ఒక్క మన దేశానికే పరిమితం కాదు. ఆకలిని ఎరిగిన జాతులలో పెక్కింటికి ఇది ఉమ్మడి భావన.

ఆ గుర్తులు నేడు తారుమారయినాయి. స్థూలకాయం ఇప్పుడు సంపన్న దేశాల సమస్య మాత్రమే కాదు. ఒక దేశంలోని సంపన్నుల సమస్య మాత్రమే కూడా కాదు. ఆకలిని పూర్తిగా జయించకముందే వర్ధమాన దేశాలను అధిక బరువు చుట్టుముడుతున్నది. ఈ రెండూ పరస్పర విరుద్ధమైనవిగా కనిపించినా, లోతుగా పరిశీలిస్తే ఒకే కొరత నుండి పుట్టినవని తేలుతుంది. ఆ కొరత మంచి ఆహారానిది.

ప్రపంచ చిత్రం

మనిషి బరువు ఎత్తుకు తగినట్లు ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఒక సులభమైన లెక్క ఉన్నది. కిలోగ్రాములలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు యొక్క వర్గంతో భాగించాలి. వచ్చిన అంకెను శరీర ద్రవ్యరాశి సూచిక అంటారు. అది 18.5 కన్న తక్కువయితే బక్కతనం. 25 గాని అంతకు మించి గాని ఉంటే అధిక బరువు. 30కి చేరితే స్థూలకాయం. 160 సెంటీమీటర్ల ఎత్తు గల వ్యక్తి 64 కిలోల బరువు ఉంటే సూచిక సరిగా 25 అవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో అధిక బరువు గల వయోజనులు 250 కోట్లు. వారిలో స్థూలకాయులు 89 కోట్లు. 1990తో పోలిస్తే వయోజనులలో స్థూలకాయం రెట్టింపునకు పైగా పెరిగింది. కౌమార వయస్కులలో నాలుగు రెట్లయింది. బడి ఈడు పిల్లలలో తక్కువ బరువు గలవారి కన్న స్థూలకాయుల శాతమే ఎక్కువయిందని ఐక్యరాజ్య సమితి బాలల నిధి 2025లో ప్రకటించింది. అటువంటి పరిస్థితి ఏర్పడడం అదే మొదటిసారి.

ఇదే కాలంలో మరొక లెక్క కూడా వెలువడింది. 2022లో 280 కోట్లకు పైగా ప్రజలకు ఆరోగ్యకరమైన ఆహారం కొనుక్కునే స్తోమతు లేదని ఐక్యరాజ్య సమితి సంస్థలు 2024లో తెలిపాయి. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడే అసలు విషయం బోధపడుతుంది. కడుపు నింపే తిండి చౌకయింది. శరీరానికి బలమిచ్చే తిండి ప్రియంగానే ఉండిపోయింది. పేదవాడు ఆకలి నుండి బయటపడుతున్న దారిలో మొదట అందేది నూనె, చక్కెర, తెల్లని పిండి. పప్పు, పాలు, గుడ్లు, కూరగాయలు, పండ్లు చివరికి గాని అందవు.

ఓడలలో వచ్చిన ఆహారం

ఈ మార్పు ఎంత వేగంగా రాగలదో పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీపాలను చూస్తే తెలుస్తుంది. సమోవా, టోంగా, నౌరు వంటి చోట్ల ప్రజలు పూర్వం చేమ జాతి దుంపలు, కొబ్బరి, చేపలు తిని జీవించేవారు. వాటి స్థానంలోకి దిగుమతి చేసిన బియ్యం, మైదా, చక్కెర, డబ్బాలలో నిలవ చేసిన మాంసం వచ్చాయి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా ప్రజలు అంతగా ఇష్టపడని క్రొవ్వు నిండిన గొర్రె మాంసపు ముక్కలు, అమెరికాలో ఎవరూ కొనని టర్కీ కోడి తోక భాగాలు చౌక ధరలకు ఈ ద్వీపాలకు చేరాయి. నౌరులో ఫాస్ఫేట్ గనుల తవ్వకం సాగు భూమినే మింగివేసింది. నేడు ప్రపంచంలో స్థూలకాయం అత్యధికంగా ఉన్న దేశాలలో ఇవి ముందు వరుసలో ఉన్నాయి.

సమోవా ప్రభుత్వం 2007లో టర్కీ తోకల దిగుమతిని నిషేధించింది. అయితే 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరే సమయంలో ఆ నిషేధాన్ని ఎత్తివేయడానికి అంగీకరించవలసి వచ్చింది. ఒక చిన్న దేశపు ప్రజల కంచంలో ఏమి ఉండాలో నిర్ణయించే శక్తి ఆ దేశం చేతిలోనే పూర్తిగా లేదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

మెక్సికో అనుభవం కూడా ఇటువంటిదే. మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు ఆ దేశపు పురాతన ఆహారం. 1994లో ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చిన తరువాత పొట్లాలలో వచ్చే చిరుతిళ్ళు, తీపి పానీయాలు మారుమూల పల్లెలకు సైతం చేరాయి. 2018 నాటి జాతీయ సర్వేలో వయోజనులలో ప్రతి పది మందిలో ఏడుగురి కన్న ఎక్కువ మంది అధిక బరువుతో ఉన్నట్లు తేలింది.

ఈ దేశాల అనుభవాన్ని పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఒక ముఖ్యమైన విషయాన్ని గుర్తించారు. దేశం బాగా పేదగా ఉన్నప్పుడు స్థూలకాయం ధనికులలోనే కనిపిస్తుంది. ఆదాయం పెరిగేకొద్దీ అది మెల్లగా పేదల వైపుకు జరుగుతుంది. బ్రెజిల్‌కు చెందిన కార్లోస్ మాంటేరో, అమెరికాకు చెందిన బారీ పాప్‌కిన్ తదితరులు 2004లో చేసిన పరిశీలన ప్రకారం, తలసరి ఆదాయం సుమారు 2,500 డాలర్లకు చేరే దశలో స్త్రీల విషయంలో ఈ మార్పు సంభవించింది. డాలరు విలువ నాటికీ నేటికీ ఒకటి కాదు. అయినప్పటికీ 2023లో భారతదేశ తలసరి ఆదాయం దాదాపు ఆ అంకె దగ్గరే ఉన్నదన్న విషయం గమనార్హం. ఇతరులు ఇదివరకే దాటిన మలుపు వద్దకు మన దేశం ఇప్పుడు చేరుకుంటున్నది.

ఒకే దేశంలో రెండు బరువులు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఈ మార్పును స్పష్టంగా చూపుతున్నాయి. 2005-06లో భారతీయ స్త్రీలలో 35.5 శాతం మంది బక్కపలచగా, 12.6 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. 2019-21 నాటికి బక్కపలచనివారు 18.7 శాతానికి తగ్గారు. అధిక బరువు గలవారు 24 శాతానికి పెరిగారు. పురుషులలోనూ ఇదే ధోరణి: అధిక బరువు 9.3 శాతం నుండి 22.9 శాతానికి చేరింది. పట్టణ స్త్రీలలో ప్రతి ముగ్గురిలో ఒకరు, గ్రామీణ స్త్రీలలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఈ కోవలోకి వస్తారు. తెలుగు రాష్ట్రాలలో ఈ శాతం దేశపు సగటు కన్న ఎక్కువ. అధిక బరువు గల స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం.

ఈ అంకెలు చూచి దేశం బాగా తింటున్నదని సంతోషించడానికి వీలులేదు. అదే సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లలలో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదని, స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారని వెల్లడయింది. బరువు పెరిగిన తల్లి రక్తంలో ఇనుము చాలదు. ఆమె ఒడిలోని బిడ్డ ఎదుగుదల చాలదు. ఒకే ఇంటిలో, ఒక్కొక్కప్పుడు ఒకే శరీరంలో, లేమి, అతి కలిసి కాపురం చేస్తున్నాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రలో కూడా ఈ పరిణామాన్ని చూడవచ్చు. 1918లో కూనూరులో సర్ రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న ప్రయోగశాలలో బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన పరిశోధనయే ఈ సంస్థకు మూలం. తవుడు పోయేలా బియ్యాన్ని తెల్లగా మరపట్టడం వల్ల వచ్చే లోపమది. 1958లో సంస్థ హైదరాబాదుకు తరలివచ్చింది. దశాబ్దాల పాటు దాని కృషి అంతా పోషక లోపాల మీదనే సాగింది. అటువంటి సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శక సూత్రాలలో నూనె, చక్కెర, ఉప్పు తగ్గించుకోవలసిందని ప్రజలను హెచ్చరించింది. దేశంలోని మొత్తం వ్యాధి భారంలో 56.4 శాతానికి అనారోగ్యకరమైన ఆహారమే కారణమని పేర్కొన్నది.

తల్లి కడుపులోనే మొదలు

భారతీయుల విషయంలో మరొక చిక్కు ఉన్నది. చూడడానికి సన్నగా ఉన్నవారిని సైతం మధుమేహం, రక్తపు పోటు ఎక్కువగా బాధిస్తున్నాయి. దీనికి సమాధానం కొంతవరకు పుణె పరిసర గ్రామాలలో లభించింది. డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన సహచరులు 1993 నుండి అక్కడ గర్భిణులను, వారికి పుట్టిన బిడ్డలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఆ బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పుట్టిన శిశువుల సగటు 3.5 కిలోలు. భారతీయ శిశువులలో కండ బాగా తక్కువ. క్రొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే వారు సన్నగా కనిపిస్తూనే క్రొవ్వుతో పుట్టారు.

2004లో డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ తమ శరీరాలనే ఉదాహరణగా చూపి లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. ఇద్దరి ద్రవ్యరాశి సూచిక ఒకటే, 22.3. కాని శరీరంలో క్రొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఈ కారణం వల్లనే ఆసియా ప్రజలకు సూచిక 23 దాటగానే ముప్పు ఆరంభమవుతుందని నిపుణులు భావిస్తున్నారు.

తల్లి అర్ధాకలితో ఉంటే గర్భంలోని శిశువు తక్కువ ఆహారంతో బ్రతికే తీరును అలవరచుకుంటుంది. పెద్దయిన తరువాత ఆ శరీరానికి నూనె, చక్కెర సమృద్ధిగా లభిస్తే దానిని భరించలేదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన అధ్యయనం 2023లో దేశంలో మధుమేహ రోగులు 10 కోట్లకు పైగా ఉన్నారని తేల్చింది. నిన్నటి తల్లుల ఆకలికీ నేటి వ్యాధులకూ ఉన్న ఈ సంబంధాన్ని గుర్తించనిదే సమస్య అర్థం కాదు.

కంచంలో వచ్చిన మార్పు

దేశంలో ఆహారధాన్యాల ఉత్పత్తి 1950-51లో సుమారు 5 కోట్ల టన్నులు. 2023-24లో 33 కోట్ల టన్నులు దాటింది. ఇది సామాన్యమైన విజయం కాదు. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టినప్పుడు లక్షలాది కూలి కుటుంబాలు రెండు పూటలా అన్నం తినగలిగాయి. అంతవరకు అన్నం పండుగనాటి వంటకమైన మెట్ట ప్రాంతాలలో అది నిత్య భోజనమయింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఆ హామీని దేశమంతటికీ విస్తరింపజేసింది. ఆకలితో ఉన్నవారికి అన్నం పెట్టిన విధానాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

అయితే ఈ విజయం నీడలో కొన్ని పంటలు వెనుకబడ్డాయి. మద్దతు ధర, నీటి వసతి, ప్రభుత్వ కొనుగోలు ముఖ్యంగా వరికి, గోధుమకు లభించాయి. తెలంగాణ జొన్న రొట్టె, రాయలసీమ రాగి సంకటి, ఉత్తరాంధ్ర చోడి అంబలి పేదల తిండిగా చిన్నచూపుకు గురయినాయి. పప్పుధాన్యాల తలసరి లభ్యత 1961లో రోజుకు 69 గ్రాములు ఉండగా 2011లో 43 గ్రాములు మాత్రమే. అన్నం కుప్ప పెరిగింది, పప్పు పలచబడింది.

నూనె కథ ఇందుకు విరుద్ధం. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో తలసరి వంటనూనె వాడకం ఏడాదికి మూడు కిలోల ప్రాంతంలో ఉండేది. 1994లో దిగుమతుల మీద ఆంక్షలు సడలిన తరువాత ఇండోనేషియా, మలేషియాల నుండి పామాయిల్ వెల్లువగా వచ్చింది. 2024లో నీతి ఆయోగ్ నివేదిక తలసరి వాడకాన్ని 19.7 కిలోలుగా పేర్కొన్నది. గ్రాము పిండిపదార్థం నాలుగు కెలోరీల శక్తినిస్తే గ్రాము నూనె తొమ్మిది కెలోరీలు ఇస్తుంది. అందుచేత కంచంలోని తిండి పరిమాణం పెరగకపోయినా అందులోని శక్తి పెరిగిపోయింది.

వంటింటి బయట కూడా మార్పు వచ్చింది. 2022-23 నాటి గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబం తన నెలసరి ఖర్చులో ధాన్యాలకు వెచ్చించినది 4.91 శాతం, పానీయాలు, తయారైన తినుబండారాలకు వెచ్చించినది 9.62 శాతం. చౌక బియ్యం వల్ల ధాన్యం ఖర్చు తగ్గిందన్న మాట నిజమే. మిగిలిన పైకంలో చెప్పుకోదగిన భాగం మాత్రం పొట్లాలకు, సీసాలకు పోతున్నది. 300 మిల్లీలీటర్ల తీపి శీతల పానీయంలో సాధారణంగా 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రోజు మొత్తానికి 25 గ్రాములకు మించకపోతే మేలని సూచిస్తున్నది.

తిండి ఇలా మారుతుండగా ఒంటి శ్రమ తగ్గింది. నాగలి బదులు ట్రాక్టరు, ఏతం బదులు మోటారు, రోలు తిరగళ్ళ బదులు మిక్సీ, నడక బదులు మోటారు సైకిలు వచ్చాయి. స్త్రీల వెన్ను విరిచిన చాకిరి తగ్గడం హర్షించదగిన విషయమే. కాని ఆ శ్రమ స్థానంలోకి ఆట గాని, వ్యాయామం గాని రాలేదు. పట్టణాలలో స్త్రీలు నిర్భయంగా నడవగల కాలిబాటలు కరవయినాయి. పెక్కు పాఠశాలలకు ఆటస్థలాలే లేవు.

ఇతర దేశాల ప్రయత్నాలు

తిండి ఎవరి ఇష్టం వారిదని ఊరుకోక కొన్ని ప్రభుత్వాలు ధైర్యంగా ముందుకు వచ్చాయి. మెక్సికో 2014 జనవరి నుండి తీపి పానీయాలపై లీటరుకు ఒక పెసో పన్ను విధించింది. మొదటి సంవత్సరంలో వాటి కొనుగోళ్ళు సగటున 6 శాతం తగ్గాయి. పేద కుటుంబాలలో ఈ తగ్గుదల మరింత ఎక్కువ. చిలీ 2016 నుండి చక్కెర, ఉప్పు, క్రొవ్వు హెచ్చుగా ఉన్న పొట్లాలపై నల్లని అష్టభుజి హెచ్చరికలు ముద్రించాలని ఆదేశించింది. పాఠశాలలలో వాటి అమ్మకాన్ని, పిల్లలను ఆకర్షించే బొమ్మలను నిషేధించింది. ఆ తరువాత తీపి పానీయాల కొనుగోళ్ళు దాదాపు నాలుగవ వంతు తగ్గినట్లు పరిశోధకులు గుర్తించారు. బ్రెజిల్ 2009 నాటి చట్టం ద్వారా పాఠశాల భోజనానికి కేంద్రం ఇచ్చే నిధులలో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల నుండి సరుకు కొనాలని నిర్దేశించింది. బిడ్డకు తాజా కూర, రైతుకు నికరమైన గిరాకీ ఒకే ఏర్పాటు వల్ల సిద్ధించాయి. మన పొరుగున ఉన్న శ్రీలంక 2016లో పానీయాలలోని చక్కెరను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో సూచించే పద్ధతిని ప్రవేశపెట్టింది.

ఈ చర్యలతో దేశాల స్థూలకాయ గణాంకాలు వెంటనే తగ్గిపోలేదు. అయినా కొనుగోలు అలవాట్లు మారగలవని, ఆ మార్పును ప్రభుత్వాలు తేగలవని నిరూపణ అయింది.

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. 2016లో కేరళ ప్రభుత్వం పిజ్జా, బర్గర్ వంటి తినుబండారాలపై 14.5 శాతం పన్ను విధించింది. పాఠశాల ద్వారం నుండి 50 మీటర్ల లోపు క్రొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా గల పదార్థాల అమ్మకాన్ని 2020 నాటి జాతీయ నిబంధనలు నిషేధించాయి. హానికరమైన ట్రాన్స్ క్రొవ్వుల పరిమితిని 2022 జనవరి నుండి 2 శాతానికి తగ్గించారు. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి నూనె వాడకాన్ని 10 శాతం తగ్గించవలసిందని ప్రజలకు విజ్ఞప్తి చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో తీపి శీతల పానీయాలు 40 శాతం పన్ను శ్రేణిలో చేరాయి. అయితే అప్పుడే బిస్కట్లు, చాక్లెట్లపై పన్ను 18 నుండి 5 శాతానికి తగ్గడాన్ని బట్టి ఈ రంగంలో విధానాలన్నీ ఇంకా ఒక్క త్రాటిపైకి రాలేదని అర్థమవుతున్నది.

చేయవలసినది

దేశానికి అన్నం పెట్టడానికి నిర్మించుకున్న యంత్రాంగమంతా చేతిలోనే ఉన్నది. చౌక ధరల దుకాణం, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం ప్రతి గ్రామానికీ పరిచితమైనవి. వాటి ద్వారా బియ్యంతో పాటు పప్పు, ముతక ధాన్యాలు, గుడ్డు, ఆకుకూరలు అందించడమే తరువాతి మెట్టు. కర్ణాటకలో రేషను దుకాణాల ద్వారా రాగులు, జొన్నలు ఇస్తున్నారు. ఒడిశా ప్రభుత్వం 2017లో గిరిజన జిల్లాలలో ప్రారంభించిన చిరుధాన్యాల పథకం రైతు వద్ద రాగులు కొని రేషనులోనూ, అంగన్‌వాడీ పిల్లల లడ్డూలలోనూ చేర్చింది. భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. ఉత్సవాలు ముగిసినా కొనుగోలు కేంద్రాలు కొనసాగితేనే రైతు ఆ పంట వేస్తాడు.

రెండవది, గర్భిణుల పోషణ. రేపటి మధుమేహాన్ని నివారించే ప్రయత్నం నేటి కాబోయే తల్లి కంచం వద్ద మొదలు కావాలి. బక్కతనాన్ని ఒక శాఖ, స్థూలకాయాన్ని మరొక శాఖ వేరువేరు జబ్బులుగా చూడడం మానాలి.

మూడవది, విద్యాలయాల బాధ్యత. పొట్లం వెనుక సన్నని అక్షరాలలో ముద్రించిన అంకెలను చదివి అర్థం చేసుకోవడం విద్యార్థి నేర్వదగిన విద్య. దినచర్యలో ఆటల గంటను లెక్కల గంటకు అప్పగించరాదు. అన్నిటికీ మించి, లావుగా ఉన్న బాలుణ్ణో బాలికనో తరగతిలో ఎగతాళి చేయడం తక్షణం ఆగాలి. ఆ బిడ్డ బరువులో తల్లి నాటి లేమి ఉన్నది, దుకాణంలోని ధర ఉన్నది, లేని ఆటస్థలం ఉన్నది. నిందించడం వల్ల ఎవరి బరువూ తగ్గదు. బిడ్డ మనసు మాత్రం కుంగిపోతుంది.

ఈ దేశంలో ఒక ప్రాంతం వారి సజ్జ రొట్టె, మరొక ప్రాంతం వారి రాగి ముద్ద, ఇంకొకరి చేప పులుసు, వేరొకరి ఆకుకూర పప్పు శతాబ్దాల అనుభవంతో రూపొందిన భోజనాలు. ప్రతి రాష్ట్రంలోనూ అదే రంగు పొట్లం, అదే తీపి సీసా వాటి స్థానాన్ని ఆక్రమిస్తే దానిని ఐక్యత అనలేము. కరవును ఎదుర్కొనడానికి జాతి యావత్తు ఒక్కటై ధాన్యాగారాలను నింపింది. ఆ ధాన్యాగారాల తలుపులు పప్పుకు, చిరుధాన్యాలకు, పాలకు, కూరగాయలకు కూడా తెరవడం ఈ తరం పూర్తిచేయవలసిన పని.